విన్నానని చెప్పిన మాట

ఆ ఏడాది వానలు తగ్గాక మిషను కూటాలకు వెళ్లిన మా బాపు, ఒక కొత్త సంగతి నేర్చుకొని ఇంటికి వచ్చాడు. ప్రార్థన అంటే మనం దేవునితో మాట్లాడడం ఒక్కటే కాదు, ఆయన మాట్లాడితే వినడం కూడా అని అక్కడ ఒక దొరసాని చెప్పిందట. పొద్దున్నే, ఏ పనీ మొదలుపెట్టకముందు, కదలకుండా కూర్చోవాలట. మనసులోకి వచ్చిన మాటను కాగితం మీద రాసుకొని, ఇంట్లోవాళ్లంతా ఒకరికొకరు చెప్పుకోవాలట.

"ఇన్నేండ్లు మనమే మాట్లాడుకుంట వచ్చినం," అన్నాడు బాపు, భుజాన ఉన్న సంచీ కింద పెట్టకముందే. "ఆయనను ఒక్క మాట మాట్లాడనియ్యలే."

అమ్మను నేను అవ్వ అనేదాన్ని. అవ్వ ఆయన కాళ్లకు నీళ్లిచ్చింది. "మంచిదే. ముందుగాల బువ్వ తిను," అంది.

మా బాపు పేరు స్వామిదాసు. ముడిమ్యాలలో మా వాడకు బడిపంతులూ ఆయనే, వాక్యం చెప్పేదీ ఆయనే. వారమంతా పిల్లలకు అక్షరాలు, ఆదివారం పెద్దలకు ఆరాధన, రెండూ ఒకే గదిలో. ఆ గదిని వాడలోని పన్నెండు ఇళ్లవాళ్లూ కలిసి మట్టి తొక్కి, గోడలు పెట్టి, గడ్డి కప్పి కట్టుకున్నారు. అది పంతొమ్మిది వందల ముప్పై అయిదో సంవత్సరం. నాకు పదమూడేళ్లు. అవ్వకు పుట్టిన ముగ్గురిలో మిగిలింది నేనొక్కదాన్నే కాబట్టి బాపు ఆశలన్నీ నా మీదే ఉండేవి. ఆడపిల్లకు చదువెందుకని వాడవాళ్లు నవ్వినా, ఆయన నాకు చదవడం, రాయడం, ఎక్కాలు అన్నీ నేర్పాడు. వాటితోపాటు ఇప్పుడు ఇది కూడా నేర్పాలనుకున్నాడు.

రోజూ తెల్లవారగానే ముగ్గురం చాప మీద కూర్చునేవాళ్లం. బాపు ఒళ్లో నోటుబుక్కు, చేతిలో పెన్సిలు. కొంతసేపయ్యాక ముందు అవ్వను అడిగేవాడు.

"ధనమ్మా, ఏమన్న ఇనవడ్డదా?"

"నాకేం ఇనవడలే," అనేది అవ్వ. "అబ్రహాము ఇంట్ల పిల్ల ఊకె ఏడుస్తున్నది. సారమ్మకు పాలు పడుతలేవేమో అని మతికొచ్చింది."

"అది నీ మతి. దేవుడు కాదు."

"అయితే నాకేం ఇనవడలే." అని లేచి, జొన్నరవ్వతో గటక వండి, గిన్నె మీద మూత పెట్టుకొని సారమ్మ ఇంటికి పోయేది.

తర్వాత నా వంతు. నాకూ ఏమీ వినపడేది కాదు. పిచ్చుకలు వినపడేవి, పక్కింట్లో రోకలి వినపడేది. కళ్లు గట్టిగా మూసుకొని చెవులు రిక్కించినకొద్దీ నా కడుపులో ఆకలే ఎక్కువ వినపడేది. "ఏం లేదు బాపూ" అని చెప్పినప్పుడల్లా ఆయన నవ్వి, "మెల్లెగ వస్తది బిడ్డా, ఫికర్ చెయ్యకు," అనేవాడు. కానీ ఆ నవ్వు రోజురోజుకూ చిన్నదవుతున్నట్టు నాకు తెలుస్తూనే ఉండేది. మూడు వారాలు గడిచేసరికి నోటుబుక్కులో బాపు మాటలే ఏడెనిమిది పేజీలు నిండాయి. నా పేరు కింద ఒక్క మాట కూడా లేదు.

సారమ్మ అబ్రహాము భార్య. అబ్రహాము గోపమ్మ అనే ఆసామి దగ్గర బండి తోలేవాడు. సారమ్మ చిన్న మంగళారం అనే ఊరి పిల్ల, పద్దెనిమిదేళ్లుంటాయేమో. నేను ఆమెను వదినా అని పిలిచేదాన్ని. చంటిపిల్ల రాహేలును ఒళ్లో వేసుకొని మధ్యాహ్నం పూట మా గడపలో కూర్చునేది, నేను పలక మీద అక్షరాలు రాసిస్తే దిద్దేది. నా కంటే అయిదేళ్లు పెద్దదైనా, అక్షరాల దగ్గర నేనే ఆమెకు పంతులమ్మను. నేను ఏది 'క' అంటే అది 'క', ఏది 'గ' అంటే అది 'గ'. అట్లా నా మాటను నమ్మిన మనిషి నాకు ఆ తర్వాత దొరకలేదు.

దీపావళి దాటాక ఒకరోజు, మొయినాబాద్ అంగడికి బండి తోలుకొని పోయిన అబ్రహాము ఏమీ కొనకుండానే తిరిగి వచ్చాడు.

"అంగడి జరగలే అయ్యగారూ," అన్నాడు బాపుతో. "ఆ దిక్కు ఊర్లల్ల ఎలుకలు ఊకె పడి సస్తున్నయట. గడ్డల జబ్బు, గదే ప్లేగు, వచ్చిందట. జనమంత ఇండ్లకు తాళాలేసి చెల్కలల్ల గుడిసెలేసుకుంటున్నరు."

వారం తిరగకుండానే మా ఊళ్లో కూడా ఎలుకలు పడ్డాయి. ముందు ఊరి నడిమి ఇళ్లలో, తర్వాత గోపమ్మ ఇంటి వెనక కొట్టంలో. పెద్దమనుషులు కూర్చొని ఊరు ఖాళీ చేయాలని తీర్మానించారు. మంగళవారం నాడు పోచమ్మకు బోనాలెత్తి, పొలిమేర దాటి, జబ్బు పోయేదాకా ఎవరి మెట్ట చెలకల్లో వాళ్లు ఉండాలని దండోరా వేయించారు.

ఆ సాయంత్రమే గోపమ్మ మా వాడకు వచ్చింది. వాడలోకి ఆమె ఎప్పుడూ అడుగుపెట్టలేదు, ఆ రోజూ పెట్టలేదు. వాడ మొదట్లోనే నిలబడి అవ్వను కేకేసింది. యాభై ఏళ్ల మనిషి, మొగుడు పోయినా సేద్యం తానే నడిపించుకునేది. అవ్వ చాలా ఏళ్లుగా ఆమె చేలో పనికి పోయేది.

"ధనమ్మా, పడమటి దిక్కు నా చెల్క ఖాళీగున్నది. బాయి దగ్గర్నే ఉన్నది. సొప్ప ఎంత కావాల్నంటె అంత తీస్కోని, మీ పన్నెండు ఇండ్లోళ్లు గుడిసెలేసుకోండ్రి. రేపే పోండ్రి. ఆలస్యం చెయ్యకుండ్రి."

బాపు ముందుకు వచ్చాడు. "అమ్మా, మేం బోనం ఎత్తం. ఎత్తకుంటె ఊరోళ్లు ఏమంటరో."

"మిమ్ముల ఎవరు ఎత్తమన్నరు పంతులూ? నా చెల్కల ఉండేటందుకు నా మాట చాలదా?" అంది గోపమ్మ. కాసేపు బాపు ముఖం చూసి, "పిల్లలున్నరు. ఆలోచించకు," అని వెళ్లిపోయింది.

ఆమె వెళ్లాక బాపు చాలాసేపు గది ముందు పచార్లు చేశాడు. వాకిట్లో నేను పిడకలు సర్దుతున్నాను. ఆయన అవ్వతో అంటున్న మాటలన్నీ నాకు వినపడుతూనే ఉన్నాయి.

"తొమ్మిదేండ్లాయె మనం బాప్తిస్మం తీస్కోని. ఊరు మనల ఒక్కనాడన్న లెక్కజేసిందా? ఊరంత పారిపోయినప్పుడు మన పన్నెండిండ్లు నిలబడితే, మనం ఎవర్ని నమ్ముకున్నమో అందరికీ తెలుస్తది. వచ్చే నెల క్రిస్మస్‌కు మిషను దొర వస్తుండు. ఖాళీ వాడ చూపియ్యాల్నా?"

"ఊరికి తెలిసేటందుకా మనం నమ్ముకున్నది?" అంది అవ్వ.

"తెల్లారి ప్రార్థనల అడుగుదాం. ఆయన ఏమంటె అది," అన్నాడు బాపు.

ఆయనకు ఏం కావాలో నాకు అర్థమైంది. పిడకలు సర్దడం అయిపోయేలోపే నా మాట కూడా తయారైంది. ఏ మాటకు ఏ మాట జోడించాలో, ఎక్కడ ఆగాలో కూడా అనుకున్నాను. ఆదివారం బడిలో విన్న మాటలే, వాటిని అటూ ఇటూ మార్చి పేర్చుకున్నాను. తప్పు చేస్తున్నానని అనిపించలేదు. బాపుకు పండుగ బట్ట కొనిపెట్టినంత సంతోషంగా ఉంది నాకు.

తెల్లవారింది. చాప మీద ముగ్గురం కూర్చున్నాం. బాపు ముందు అవ్వను అడిగాడు.

"గోపమ్మ చెప్పిన మాటనే తిరుగుతున్నది నాకు," అంది అవ్వ.

"అది గోపమ్మ మాట." నా వైపు తిరిగాడు. "బిడ్డా?"

"భయపడకండ్రి, ఈడనే ఉండండ్రి, నేను మీతోని ఉన్న అన్నడు బాపూ."

పెన్సిలు పట్టుకున్న చేయి గాల్లోనే ఆగింది. "గట్లనే అన్నడా?"

"గట్లనే."

నా జన్మలో మొదటిసారి మా బాపు ఏడవడం చూశాను. నా తల మీద చేయి పెట్టాడు. "నాకు నలభై ఏండ్లు. నీకు పదమూడు. నాకియ్యని మాట నీకిచ్చిండు," అన్నాడు. తారీఖు వేసి, నా పేరు రాసి, కింద ఆ మాట రాసుకున్నాడు. అవ్వ నన్ను చూస్తోంది. నేను ఆమె వైపు చూడలేదు.

ఆ రోజే బాపు వాడవాళ్లందరినీ గదిలో కూర్చోబెట్టి, నన్ను పక్కన నిలబెట్టుకొని, ఆ మాట చదివి వినిపించాడు. మంగళవారం నాడు ఊరంతా డప్పులతో, వేపమండలతో, నెత్తిన కుండలతో పొలిమేర దాటింది. మేం గడపల్లో నిలబడి చూశాం. ఆ తర్వాత ఊళ్లో కుక్కలు, మేము, అంతే.

నాకు ఒక్కసారిగా గౌరవం పెరిగింది. ముసలివాళ్లు కూడా నాకు దారి ఇచ్చేవాళ్లు. మా వాడలోని ఎల్లేశ్ వాళ్ల తల్లి, కళ్లు కనపడని ముసలామె, తడుముకుంటూ వచ్చి నా చేతులు పట్టుకొని కళ్లకద్దుకుంది.

బుధవారం మధ్యాహ్నం సారమ్మ ఎప్పటిలాగే మా గడపలో కూర్చుంది. పలక ముట్టలేదు. అవ్వ వాకిట్లో జొన్నలు దంచుతోంది.

"సరోజా, నిజంగనే ఇన్నవా?"

"ఇన్న."

"ఎట్లుంటది ఆ గొంతు? మొగ గొంతా, ఆడ గొంతా?"

"మెల్లెగ ఉంటది. మొగ గొంతే."

ఆమె పిల్లను భుజం మీదికి మార్చుకుంది. "మా అవ్వగారింటికి పోదామంటుండు మీ అన్న. చిన్న మంగళారానికి ఇంక రాలేదట జబ్బు. బండి కడుతున్నడు. నాకేం తోస్తలేదు. నువ్వు చెప్పు, పోవాల్నా, ఉండాల్నా?"

వాకిట్లో రోకలి ఆగింది. అవ్వ వింటోందని నాకు తెలుసు. ఒక్క మాట చాలు. 'పో వదినా' అన్నా సరిపోయేది. అబద్ధమని ఒప్పుకోవాల్సిన పని కూడా లేదు. కానీ పొమ్మంటే మొన్న అందరి ముందు చెప్పింది ఏమవుతుంది?

"ఉండు వదినా," అన్నాను.

సారమ్మ నవ్వి, పలక ఒళ్లోకి లాక్కుంది. రోకలి మళ్లీ మొదలైంది.

మర్నాడు బడిగది ఊడవడానికి నేను పోయేసరికి బాపు అప్పటికే అక్కడ ఉన్నాడు. వంగి, చింకిగుడ్డతో ఏదో ఎత్తుతున్నాడు. పొట్ట ఉబ్బిన ఎలుక. నన్ను చూసి నిలబడిపోయాడు. ఒకరినొకరం చూసుకున్నాం. తర్వాత ఆయన దాన్ని గది వెనక గుంట తీసి పూడ్చిపెట్టి, చేతులు కడుక్కొని వచ్చాడు.

"ఎవరికి చెప్పకు. జనం భయపడతరు," అన్నాడు. ఆయన గొంతు నాకు తెలిసిన గొంతులా లేదు.

శనివారం పొద్దున చలి ఎక్కువగా ఉంది. ముగ్గురం చాప మీద కూర్చోకముందే అబ్రహాము వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. "అయ్యగారూ, సారమ్మకు ఒళ్లు కాలిపోతున్నది. చంకల గడ్డ లేసింది," అన్నాడు.

అవ్వ ఎవరూ చెప్పకుండానే లేచి సారమ్మ ఇంటికి వెళ్లింది. కొద్దిసేపటికి రాహేలును తీసుకొని వచ్చింది. వాకిట్లోనే పిల్ల బట్టలు విప్పి పొయ్యిలో వేసింది. వేడినీళ్లతో పిల్లకు స్నానం చేయించి, తానూ చేసి, తన పాత చీర ముక్కలో పిల్లను చుట్టుకుంది.

బాపు చాప మీద కూర్చున్నాడు. అలవాటుగా నోటుబుక్కు తెరిచాడు. "అడుగుదాం," అన్నాడు. "ఏం చెయ్యమంటడో అడుగుదాం." కళ్లు మూసుకున్నాడు, కానీ పెదవులు కదులుతూనే ఉన్నాయి. ఆయన వినడం లేదు, బతిమాలుతున్నాడు. అవ్వ కూర్చోలేదు, పిల్లను భుజాన వేసుకొని నిలబడే ఉంది.

"సరోజా, ఏమన్న ఇనవడ్డదా?"

"లేదు బాపూ."

"జరసేపు కూసో."

"అప్పుడు గూడ ఇనవడలే బాపూ," అన్నాను.

ఆయన కళ్లు తెరిచాడు. నన్ను కొట్టలేదు, తిట్టలేదు. నోటుబుక్కు వైపు చూశాడు, నా వైపు చూశాడు. పెన్సిలును రెండు పేజీల మధ్య పెట్టి బుక్కు మూశాడు. అవ్వ పిల్లను నా ఒళ్లో పెట్టి, లోపలికి పోయి కుండలు బయటికి చేర్చడం మొదలుపెట్టింది.

బాపు లేచి వాడలోకి నడిచాడు. ఒక్కో తలుపూ తట్టాడు. నేను రాహేలును ఎత్తుకొని మా గుమ్మంలో నిలబడి చూస్తున్నాను.

"లేవండ్రి. చేతికందింది తీస్కోండ్రి. గోపమ్మ చెల్కకు పోతున్నం."

ఎల్లేశ్ బయటికి వచ్చాడు. "దేవుడు పొమ్మన్నడా అయ్యగారూ?"

"లేదు," అన్నాడు బాపు. "గోపమ్మ పొమ్మన్నది."

గోపమ్మ బండిలోనే సారమ్మను చేవెళ్ల దవాఖానకు తీసుకుపోయారు. అబ్రహాము తోలాడు, బాపు వెనక కూర్చున్నాడు. బండి మా ముందు నుంచి పోతున్నప్పుడు సారమ్మ కళ్లు తెరిచే ఉన్నాయి. పిల్ల కోసం వెతికినట్టు ఇటు చూసింది. నేను పిల్లను ఎత్తి చూపించాను. చూసిందో లేదో తెలియదు.

సోమవారం మధ్యాహ్నం సారమ్మ పోయింది. ఆ వారంలోనే ఎల్లేశ్ తల్లీ పోయింది. మా వాడలో అంతే, ఇంకెవరికీ రాలేదు. ఊళ్లోవాళ్లలో చెలకలకు పోయాక ఒక్కరు కూడా చనిపోలేదు. ఈ లెక్క ఎవరూ పైకి అనలేదు. అనాల్సిన అవసరమూ లేదు.

చెలకలో గుడిసెలు వేసుకున్నాక వచ్చిన మొదటి ఆదివారం బాపు అందరి ముందు నిలబడ్డాడు. పాట పాడలేదు, వాక్యం తీయలేదు.

"నా ఆశను నేను దేవుని గొంతు అనుకున్న. మిమ్ముల ఆపింది ఆయన కాదు, నేను," అన్నాడు.

నా పేరు ఎత్తలేదు. ఎత్తనందుకు నాకు ప్రాణం లేచొచ్చింది, ఆ వెంటనే అక్కడే భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. ఎల్లేశ్ లేచి వెళ్లిపోయాడు. ఆ తర్వాత అతను ఆరాధనకు రాలేదు. క్రిస్మస్‌కు దొర రాలేదు, దారులు మూసి ఉన్నాయని కబురు పంపాడు. జొన్నచొప్ప గుడిసెల మధ్య మేమే ఒక పాట పాడుకొని, బెల్లం పంచుకున్నాం. బాపు పొద్దున చాప పరచడం మానేశాడు. ఎవరైనా ప్రార్థన చేయమంటే, తలవంచుకొని "ప్రభువా, దయచూడు" అని ఊరుకునేవాడు.

రాహేలు మా దగ్గరే ఉంది. అబ్రహాముకు తల్లి లేదు. గోపమ్మ రోజూ పొద్దున చెంబెడు పాలు పంపేది. అవ్వ ఆ పాలు కాచి, వెచ్చగా గుడ్డపీలికతో పిల్ల నోట్లో పిండుతూ గుడిసె ముందు కూర్చునేది. చలికి నేను కూడా ఆమెను ఆనుకొని కూర్చునేదాన్ని. ఒకరోజు అడిగాను.

"అవ్వా, నీకు ఎన్నడన్న ఇనవడుతదా?"

"ఏమో బిడ్డా. గొంతు గింతు నాకు తెల్వదు." పీలికను పాలలో ముంచింది. "ఎవరికి ఏం కావాల్నో మతికొస్తది. అది చేస్త. చేసినంక జర నిమ్మళమైతది. చెయ్యకుంటె రేపు మళ్ల వస్తది. గదే నాకు తెలిసింది."

"మరి నువ్వు ఆ నాడు ఎందుకు అనలే? నేను అబద్ధం చెప్తున్నని నీకు అనిపియ్యలేదా?"

అవ్వ చేయి ఆగింది. "అనిపించింది. సారమ్మ అడిగినప్పుడు గూడ అనిపించింది. నీ బాపు సంతోషం చూసి నోరు మూసుకున్న." పిల్ల మూతి తుడిచింది. "నా తప్పు గూడ ఉన్నది అండ్ల."

ఆ రోజు నుంచి నాకూ ఒకటి మతికి రావడం మొదలైంది. సారమ్మ నన్ను అడిగిందన్న సంగతి అబ్రహాముకు తెలియదు, నేనే చెప్పాలి, అని. దాన్ని వదిలించుకోవడానికి నేను చేయని పని లేదు. నీళ్లు మోశాను, చొప్ప మోశాను, పిల్లను చంక దింపకుండా తిప్పాను. ఎంత పని చేసినా మర్నాడు పొద్దున అది అక్కడే ఉండేది. నేను కల్పించుకున్న మాట నాకు తీపిగా ఉండేది. ఇది అలా లేదు. ఇది నాకు ఏమాత్రం ఇష్టం లేని మాట. దేవుడు చెప్తున్నాడని మాత్రం అనుకోలేదు. ఆ మాట అనుకునే హక్కు నాకు లేదనిపించేది.

సంక్రాంతి దాటి, జొన్న కోతకు వచ్చినప్పుడు ఒక ఉదయం అబ్రహాము దగ్గరికి వెళ్లాను. గోపమ్మ చేలో ఒక్కడే ఒక కొస నుంచి కోస్తున్నాడు. నన్ను చూసి, "పిల్లకేమన్న అయ్యిందా?" అన్నాడు కంగారుగా.

"లేదన్నా. మంచిగున్నది." నిలబడిన చోటే నిలబడి చెప్పేశాను. "వదిన నన్నడిగింది. పోవాల్నా, ఉండాల్నా అని. ఉండమన్న. నాకు ఏ గొంతు ఇనవడలే. నేనే కల్పించి చెప్పిన."

అతను కొడవలి కిందికి దించాడు. నా వైపు కాకుండా కోసిన మొదళ్ల వైపు చూశాడు.

"ఆ నాడు నేను బండి కట్టిన," అన్నాడు. "మీ వదిన వచ్చి ఎడ్లను ఇప్పించింది. ఎందుకే అంటె, 'సరోజ ఉండమన్నది' అన్నది."

నేను ఏడుద్దామనుకున్నాను. అతని ముందు ఏడవడం కూడా అతన్నేదో అడిగినట్టే అవుతుందనిపించి, ఆపుకున్నాను.

"గిన్ని దినాలకు ఎందుకు చెప్తున్నవ్? దేవుడు చెప్పమన్నడా?"

"తెల్వదన్నా. రోజు పొద్దుగాల మతికొస్తున్నది."

"పో," అన్నాడు. మళ్లీ వంగి కోయడం మొదలుపెట్టాడు. నేను గట్టు ఎక్కి వెనక్కి చూసినప్పుడు అతను కోయడం లేదు. జొన్నల్లో కూర్చొని ఉన్నాడు.

ఆ సాయంత్రం బాపుకు చెప్పాను. మర్నాడు పొద్దున్నే ఆయన చెప్పులు కూడా వేసుకోకుండా అబ్రహాము గుడిసెకు వెళ్లాడు. ఎలుక సంగతి చెప్పడానికే వెళ్లాడని నాకు తెలుసు. తిరిగి వచ్చాక అవ్వ పక్కన కూర్చొని, "నేను ముందు పోవాల్సుండె. మన బిడ్డ చెప్పొచ్చినంక పోయిన," అన్నాడు.

అబ్రహాము రోజూ పొద్దుగూకే వేళకు బిడ్డను చూడడానికి వచ్చేవాడు. బాపుతో రెండు మాటలు, అవ్వతో రెండు మాటలు. అతను వస్తున్నాడంటే నేను లేచి గుడిసె వెనక్కి పోయేదాన్ని. పిల్లను తీసుకుపోతాడేమోనని రోజూ భయపడేదాన్ని. తీసుకుపోలేదు, కానీ నా ముఖం చూడలేదు. చూడాలని నేనూ ఆశపడలేదు.

శివరాత్రికి ఊరు మళ్లీ ఇళ్లలోకి చేరింది. కప్పులు విప్పి ఎండకు పెట్టారు, గోడలకు సున్నం వేశారు, నేలలు తవ్వి కొత్త మట్టి కొట్టారు. సారమ్మ ఇంటి తలుపు తీసినప్పుడు నేను అక్కడికి పోలేదు.

పది రోజులు గడిచాయి. ఒక పగలు బాపు మోకిల ఊరికి పోయాడు, అవ్వ చేనుకు పోయింది. నేనూ రాహేలూ ఇంట్లో ఉన్నాం. పొద్దుటి నుంచి పిల్ల పాలు ముట్టలేదు. మధ్యాహ్నానికి ఒళ్లు వేడెక్కింది. తడిగుడ్డ వేస్తున్నాను, అది ఆరిపోతోంది. ఎవర్ని పంపుదామని వాకిట్లోకి వచ్చేసరికి అబ్రహాము బండి దారిన పోతోంది. నన్ను చూసి ఎడ్లను ఆపాడు. ఇంట్లో అవ్వ లేదని అతనికి తెలిసిపోయింది. బండి దిగి వచ్చి గడప బయట నిలబడ్డాడు. నెలన్నరలో మొదటిసారి నాతో మాట్లాడాడు.

"పిల్ల ఎట్లున్నది?"

"మంచిగ లేదన్నా. జరమొచ్చింది. చంకలల్ల, గజ్జలల్ల చూసిన, గడ్డలు లెవ్వు. ఏందో నాకు తెల్వదు. పాలు ముడుతలే. నాకు భయమైతున్నది."

అతను నా ముఖంలోకి చూశాడు. తర్వాత గడప దాటి లోపలికి వచ్చి, బిడ్డను దుప్పట్లో చుట్టుకున్నాడు.

"నడువు, దవాఖానకు పోదాం," అన్నాడు.

బండిలో గోపమ్మ గింజల బస్తాలు ఉన్నాయి. దింపేవాళ్లు లేరు, ఆ బరువుతో బండి నడక కంటే నెమ్మది. ఎడ్లను మా వాకిట్లో కట్టేసి, కాలినడకనే చేవెళ్ల దారి పట్టాం. అతను ముందు, నీళ్ల చెంబుతో నేను వెనక. అది మామూలు జ్వరమేననీ, పళ్లు వస్తున్నాయనీ డాక్టరు చెప్పింది ఆ తర్వాత గంటకు. దారిలో మాకిద్దరికీ ఆ సంగతి తెలియదు. ఎండ మాడ్చేస్తోంది. పిల్ల ఎక్కడ ఏడుపు ఆపితే అతను అక్కడ ఆగి, చెవి దగ్గర పెట్టుకొని ఊపిరి వినేవాడు, మళ్లీ నడిచేవాడు.

సగం దూరం పోయాక ఆగాడు. నేను దగ్గరికి వచ్చేదాకా నిలబడ్డాడు.

"చేతులు గుంజుతున్నయ్. జర ఎత్తుకో," అని, బిడ్డను నా చేతుల్లో పెట్టి, నా చేతిలోని చెంబు తాను తీసుకున్నాడు.